వెలివాడ నుంచి కొలిచిన దూరం: 'గబ్బిలం', 'అంటరాని వసంతం'

తెలుగు పల్లె ఊరుగా, వాడగా చీలి ఉండటం కేవలం నివాస భేదం కాదు. నీటికి, పనికి, గుడికి, చివరకు ఆటపాటలకు సైతం ఎవరు ఎంత ఎడంగా నిలబడాలో ఆ చీలికే నిర్ణయించింది. దళిత జీవన చిత్రణను చర్చించే విమర్శ దాడి, అవమానం వంటి ఘట్టాలపై చూపే శ్రద్ధతో పోలిస్తే, ఈ నిత్యమైన ఎడంపై చూపే శ్రద్ధ తక్కువ.

గుర్రం జాషువ 'గబ్బిలం' (1941) కావ్యాన్ని మేఘసందేశంతో పోల్చడం పరిపాటి. పోలిక సబబే గాని, అక్కడే ఆగితే అసలు వైపరీత్యం మరుగున పడుతుంది. యక్షుని బాధ అలకాపురి దూరంగా ఉండటం. తంజావూరులోని అరుంధతీసుతుని బాధ గుడి దగ్గరే ఉండటం. గబ్బిలానికి కాశీ దాకా దారి ఉంది, అతనికి ఊరి గుడి గడప దాటే దారి లేదు. పైగా పూజారి లేని వేళ చూసి శివుని చెవిన వేయమని అతడు గబ్బిలానికి చెబుతాడు. ఇది కవి చమత్కారం మాత్రమే కాదు. ఏ వేళ ఎవరి కంట పడకూడదో తెలిసి మసలడం వెలివాడ మనిషి నిత్యం పాటించిన లోకజ్ఞానం. అయితే దారి వర్ణన మొదలయ్యాక నదులు, పూర్వవైభవాలు కావ్యాన్ని ఆక్రమిస్తాయి. గబ్బిలం రెక్కల గాలికి ఆముదపు దీపం ఆరిపోయిన ఆ గుడిసె చాలాసేపు కనబడదు. ఇది కావ్యానికి లోపమే.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) కథను గుడిసె వైపు నుంచే నడుపుతుంది. బకింగ్‌హాం కాలువ తవ్వకం చరిత్రలో 1877-78 నాటి కరువు సహాయ పనిగా నమోదైంది. నవలలో శివయ్య దంపతులు కరువుకు తాళలేక ఆ కాలువ పనికే వెళతారు. ఆకలి అందరికీ ఒకటే అయిన చోట కూడా కులం వారిని పనికి దూరం చేస్తుంది. విప్లవ రచయితల సంఘానికి చెందిన రచయితే ఈ ఘట్టాన్ని నిర్మించడం గమనార్హం. కులాన్ని వర్గంలో కలిపివేసే వ్యాఖ్యానానికి నవలే అడ్డు నిలుస్తుంది. పార పట్టకముందే తరిమివేయబడినవానికి శ్రామికుడు అనిపించుకునే అవకాశమైనా ఎక్కడిది?

ఈ కథంతా రూతు జ్ఞాపకంగా సాగుతుంది. ఆమె చెప్పేవాటిలో చాలా భాగం తాను చూసినవి కావు, కుటుంబంలో విన్నవి. ఎల్లన్న పాటలు కూడా అలా నోటి నుంచి నోటికి చేరినవే. వాటిని రాసిపెట్టే చెయ్యి ఊళ్లో ఉంది, పాట వాడలో ఉంది.