గూగూడు పీర్ల పండుగ: మత అస్తిత్వం, ఆత్మభావన, సంఘర్షణ

ఉపోద్ఘాతం

అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగను గురించిన రచనలు తరచుగా ‘మతసామరస్యం’ అన్న మాట దగ్గర ఆగిపోతాయి. ఆ మాట అసత్యం కాదు, అసంపూర్ణం. సామరస్యం అంటే సంఘర్షణ లేకపోవడం కాదు. సంఘర్షణతో వ్యవహరించే ఒక పద్ధతి. ఈ పద్ధతిని పరిశీలించడానికి అఫ్సర్ మొహమ్మద్ ఆంగ్లగ్రంథం ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ (ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, 2013) ముఖ్యమైన ఆధారం.

ఆత్మభావన - పరువు

మనిషి తనను స్వతంత్రవ్యక్తిగానో, ఇతరులతో గల సంబంధాలలో భాగంగానో భావించుకుంటాడని హేజల్ మార్కస్, షినోబు కితయామా 1991లో ప్రతిపాదించారు. రెండవ తరహా ఆత్మభావన గలవారు వివాదంలో ఎదుటివారి పరువును కూడా దృష్టిలో ఉంచుకొని సర్దుబాటుకు మొగ్గుతారని స్టెల్లా టింగ్-టూమీ సిద్ధాంతం సూచిస్తుంది. అయితే రాయలసీమ ముఠాకక్షలలో పరువు వర్గానిది. అక్కడ సంబంధమే పగను మోస్తుంది. కాబట్టి సంబంధాత్మకమైన ఆత్మభావన దానంతటదే శాంతిని ఇవ్వదు. ఆ సంబంధం ఎవరెవరిని కలుపుకొంటున్నదన్నదే కీలకం.

గూగూడులో ఈ సంబంధానికి మొక్కు ఆధారం. వాననే నమ్ముకొన్న ఈ మెట్టసీమలో హిందువుల ఇళ్లలోనూ బిడ్డలకు కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అని పేర్లు పెట్టుకోవడం కనిపిస్తుంది. చక్కెర చదివింపులు చేయించే హిందూ భక్తుడు తన మతాన్ని వదులుకోవడం లేదు. ‘మనవాళ్లు’ అన్న మాట పరిధిని పెంచుకొంటున్నాడు. పండుగ దినాల తాత్కాలిక వైరాగ్యాన్ని, అంటే ‘ఫకీరీ’ని, అఫ్సర్ ప్రత్యేకంగా చర్చించడం ఈ దృష్టితో చూస్తే అర్థవంతం.

‘అస్లీ ఇస్లాం’ వివాదం

గూగూడును హిందూ-ముస్లిం సంబంధంగా మాత్రమే చదివితే మరొక సంఘర్షణ మరుగున పడుతుంది. పీర్ల ఆరాధన నిజమైన ఇస్లాం కాదనే సంస్కరణవాదులకు, పీరును నమ్ముతూనే తాము ముస్లింలమనుకొనే స్థానికులకు మధ్య వివాదమది. ఇరుపక్షాలదీ మత అస్తిత్వమే, ఆత్మభావనలు వేరు. మొదటివారికి విశ్వవ్యాప్తమైన ముస్లిం సమాజం ప్రమాణం, రెండవవారికి ఊరు. అఫ్సర్ ఈ చర్చను దాచకపోవడం గ్రంథానికి బలం.

దీనిని స్వీకరించడంలోనే విమర్శకులకు జాగ్రత్త అవసరం. పీర్ల చావిడికి రాని ముస్లింను సామరస్యానికి అడ్డుగా చూసే పాఠకుడు, అక్కడికి రాని హిందువును ఆ ప్రశ్న అడగడు. అప్పుడు సామరస్యం ఒక వర్గం మాత్రమే రాయవలసిన పరీక్షగా మారుతుంది. ముస్లింలు తప్పుకొంటే పండుగ స్వరూపం మారుతుందన్న ఆందోళన న్యాయమైనదే. కానీ దానిని సాంస్కృతిక నష్టంగా చర్చించవచ్చు గాని, విధేయతా లోపంగా ఆరోపించకూడదు.

ముగింపు

మత అస్తిత్వం పలుచబడితేనే సంఘర్షణ తగ్గుతుందన్న అభిప్రాయాన్ని గూగూడు బలపరచదు. అస్తిత్వాన్ని నిలుపుకొంటూనే సంబంధాన్ని విస్తరించవచ్చని అది చూపుతుంది. ఆ సంబంధం మొక్కుతో, ఇష్టంతో ఏర్పడింది. పీర్ల పండుగలపై జరిగే పరిశోధనలు పండుగకు వచ్చేవారి మాటలతో పాటు, రావడం మానుకొన్నవారి కారణాలను కూడా నమోదు చేయాలి. అప్పుడే సామరస్యం అన్న మాటకు విశ్లేషణాత్మకమైన విలువ ఏర్పడుతుంది.