నీరున్న బొంగులోనే కోడికూర

అరకు నుంచి పాడేరు వెళ్లే రోడ్డు మీద, డుంబ్రిగుడ మండలంలోని చాపరాయి పరిసరాల్లో, దారి పక్కన నిప్పులకు ఆనించిన వెదురు బొంగులు కనిపిస్తాయి. బొంగులో చికెన్‌ను పొగిడేవాళ్లు ముందుగా చెప్పే మాట ఒకటే: చుక్క నూనె లేకుండా వండుతారని. అది నిజమే గానీ, ఈ వంట గొప్పతనాన్ని చాలా తక్కువ చేసి చెప్పే నిజం. నూనె లేకుండా ఏ కుండలోనైనా కోడిని ఉడకబెట్టవచ్చు. ఈ వంటను ప్రత్యేకంగా నిలబెట్టేది బొంగు గోడలో ఉన్న నీరు. ఆ నీరు ఆవిరైపోయేలోగా మాంసాన్ని మెత్తబరచడమే ఇందులోని నేర్పు. ఆ నేర్పు ఉన్నవాళ్లకు వంట పొయ్యి దగ్గర మొదలవదు, వెదురు పొద దగ్గరే మొదలవుతుంది. బొంగులో చికెన్‌కు తగిన విలువ ఇవ్వాలంటే మసాలా పాళ్లకన్నా ముందు వెదురునూ, దాన్ని ఎంచే చేతినీ పట్టించుకోవాలన్నది నా వాదన.

ఎండు బొంగును నిప్పుల మీద పెడితే కాసేపట్లో అంటుకుంటుంది. పచ్చి బొంగు అలా అంటుకోదు. దాని గోడలో పొడవునా సన్నని నాళాలుంటాయి, వాటి నిండా నీరుంటుంది. సెగ తగిలినప్పుడు వేడిలో పెద్ద భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. బయటి పొర నల్లగా మాడుతున్నా, గోడలో తడి మిగిలినంతసేపూ లోపలి వైపు నీరు మరిగే వేడిని దాటదు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది గనక ఇక్కడ నీరు దాదాపు 97 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. బయట నిప్పులు వందల డిగ్రీల్లో కణకణలాడుతుంటే, వేలెడు మందం కూడా లేని గోడకు అవతల మాంసం తన ఊటలో తానే నెమ్మదిగా ఉడుకుతుంది. గోడలోంచి వచ్చే పచ్చి వెదురు వాసన ఆ ఊటలో కలుస్తుంది. విడిగా నీళ్లు పోయనక్కర్లేదు, అడుగంటుతుందన్న భయంతో నూనె పోయనక్కర్లేదు. నూనె లేకపోవడం ఈ ఏర్పాటు వల్ల కలిగిన ఫలితం, అంతే.

బొంగును ఒక చివర కణుపు ఉండేలా, రెండో చివర తెరిచి ఉండేలా కోస్తారు. ఆ కణుపే గిన్నెకు అడుగు. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి ఊరనిచ్చిన ముక్కలను లోపలికి కూరి, మూతి దగ్గర కొంత ఖాళీ వదిలి, ఆకులు మడిచి బిగిస్తారు. ఈ ఆకుల మూత చాలా ముఖ్యం. రెండు వైపులా ఊపిరాడకుండా మూసిన బొంగు ఆవిరి ఒత్తిడికి పేలిపోతుంది. ఆకులైతే ఆవిరిని చాలావరకు లోపలే ఆపి, ఎక్కువైనదాన్ని సందుల్లోంచి వదిలేస్తాయి. తర్వాత బొంగును నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి, ఒకే చోట కాలకుండా తిప్పుతూ ఉండాలి. మంట నాలుకలు నేరుగా తగిలితే ఒక పక్క గోడ ముందే ఎండి చిట్లుతుంది, లోపలి ఊట కారిపోతుంది. ముప్పావు గంటో, ముక్కను బట్టి ఇంకాసేపో పడుతుంది. ఇందులో మూత తీసి చూసే వీలుండదు. ఆకుల సందుల్లోంచి వచ్చే ఆవిరి జోరు, దాని వాసన, బొంగు మీది ఆకుపచ్చ ఏ మేరకు నలుపు తిరిగిందన్నది చూసి లోపలి సంగతి అంచనా కట్టాలి. కంటికీ ముక్కుకూ పట్టుబడే ఈ అంచనా కాగితం మీది కొలతల్లో దొరకదు.

ఇంతకన్నా పెద్ద నేర్పు బొంగును ఎంచడంలో ఉంది. సాధనపు వెదురు చాలాచోట్ల లోపల గుల్ల లేకుండా గట్టిగా పెరుగుతుంది. కర్రకూ నిచ్చెనకూ అది బాగుంటుంది గానీ ముక్కలు పట్టదు. వంటకు గుల్ల ఉన్న బొంగు కావాలి, అందులోనూ నీరున్నది కావాలి. ముదిరేకొద్దీ వెదురులో నీరు తగ్గుతుంది. ఒకే బొంగులో కూడా మొదట్లో ఉన్నంత తడి చివర్లో ఉండదు. నరికాక రోజులు గడిచేకొద్దీ ఎండుతూనే ఉంటుంది. మరీ ముదురుదైతే కోడి ఉడకకముందే గోడ కాలిపోతుంది, మరీ లేతదైతే వేడికి ముడుచుకుపోతుంది. నడుమన ఉన్న ఆ పదును పొదలోనే గుర్తుపట్టాలి.

వేడిని అదుపులో ఉంచి, ఆవిరిని పోనివ్వకుండా, మాంసాన్ని తడిలో నెమ్మదిగా ఉడికించడం ప్రపంచమంతా ఎరిగిన పద్ధతే. అమెరికాలోని ఐరిష్ కుటుంబాలు మార్చి 17న సెయింట్ ప్యాట్రిక్స్ డేకి వండుకునే కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ అలాంటిదే. ఉప్పునీటిలో రోజుల తరబడి ఊరేసిన గొడ్డు రొమ్ముమాంసం చాలా గట్టిది. నేడు ఎన్నో ఇళ్లలో దాన్ని స్లో కుక్కర్‌లో పొద్దున పెడితే సాయంత్రానికి ఉడుకుతుంది, క్యాబేజీ చివర్లో పడుతుంది. ఆ కుక్కర్‌కు మూలమైన పరికరానికి ఇర్వింగ్ నాక్సన్ 1940లో పేటెంట్ పొందాడు. లిథువేనియా పల్లెలో రొట్టెల బట్టీ చల్లారుతుండగా ఆ మిగులు వేడిలో రాత్రంతా ఉడికే చోలెంట్ అనే వంటకం గురించి తల్లి చెప్పిన సంగతి అతనికి ప్రేరణ. 1971లో క్రాక్-పాట్ పేరుతో అది అమెరికన్ వంటిళ్లలోకి వచ్చింది. గట్టి మాంసాన్ని బిగించి ఉంచే కొలాజెన్ దాదాపు 70 డిగ్రీలు దాటాక, తడి ఉంటే, మెల్లగా జిగురుగా కరుగుతుంది. దానికి సమయం కావాలి. స్లో కుక్కర్‌లో వేడిని అదుపులో ఉంచే పని కరెంటుతో సన్నగా వేడెక్కే తీగ చేస్తుంది, బొంగులో గోడలోని తడి చేస్తుంది. కాబట్టే తిరిగి మేసి కండ గట్టిపడిన నాటుకోడికి బొంగు బాగా నప్పుతుంది. ఆరు వారాలకే కోతకు వచ్చే బ్రాయిలర్‌లో కరగాల్సిన గట్టిదనం అంతగా ఉండదు. దానికి బొంగు వాసన అబ్బుతుంది గానీ బొంగు చేయగల పని పూర్తిగా అక్కరకు రాదు.

ప్రెషర్ కుక్కర్‌లో ఇంకా త్వరగా మెత్తబడుతుంది కదా అని అడగవచ్చు. మెత్తబడుతుంది. అక్కడ వేడి 120 డిగ్రీల దాకా పోతుంది గనక కొలాజెన్ తొందరగా కరుగుతుంది. అయితే అదే వేడికి కండ పోగులు గట్టిగా బిగిసి తమ రసాన్ని వదిలేస్తాయి, నీళ్లు పోయక తప్పదు గనక రుచి పులుసులోకి దిగుతుంది. రెండూ వేరువేరు కూరలు. ఒకటి రెండోదాన్ని అనవసరం చేయదు.

ఇదంతా పర్యాటకుల కోసం పుట్టిన వింత అనేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. బ్రాయిలర్ ముక్కలు, ఘాటైన మసాలాలు, ప్లేటు లెక్కన అమ్మకం రోడ్డు మీది గిరాకీ తెచ్చినవే. అంతమాత్రాన పద్ధతిని వింత అనలేం. మారేడుమిల్లి కొండల్లో ఇదే వంట ఉంది. నాగా కొండల్లో పందిమాంసం, అస్సాంలో బియ్యం, థాయ్‌లాండ్, మలేషియాల్లో కొబ్బరిపాలతో జిగురు బియ్యం వెదురు గొట్టాల్లోనే కాలుస్తారు. ఒకరినొకరు చూడని జనం వెదురు పెరిగే చోటల్లా ఇదే ఉపాయానికి వచ్చారంటే, అది ఆ నేల మీద పనికొచ్చే జ్ఞానం గనకే. మోసుకుపోవలసిన పాత్ర లేదు, తోమవలసిన గిన్నె లేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అడవిది. ఒక్క పూట కూరకు ఒక బొంగు ముక్క కాలిపోతుంది, సీజన్‌లో వారాంతాలకు ఎన్ని కావాలో ఊహించుకోవచ్చు. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. ఏటా వానల్లో పొద కొత్త కొమ్ములు వేస్తుంది, ముదిరినవాటిని తీస్తుంటే లోపలివి బాగా ఎదుగుతాయి. చిక్కు ఎక్కడంటే, పొద బాగుండాలంటే ఆ ఏడు లేచినదాన్ని ముట్టకూడదు, వానాకాలంలో కత్తి పెట్టకూడదు. వంటకేమో ముదరని బొంగే కావాలి. రెండింటికీ కుదిరేది ఏడాది దాటి ఇంకా పచ్చగా ఉన్న బొంగు. పొదను ఏళ్లుగా ఎరిగినవాళ్లే దాన్ని చూసి చెప్పగలరు. లారీల్లో పట్నాలకు పోయే సరుకులో ఆ ఎంపిక ఉండదు. వేరే గిన్నెలో వండిన బిర్యానీని ఎండు బొంగులో నింపి బల్ల మీదికి పంపితే, బొంగు వడ్డించే పళ్లెమే అవుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించి, సేకరించి అమ్ముకునే హక్కును అడవి మీద ఆధారపడిన కుటుంబాలకు ఇచ్చింది. డుంబ్రిగుడ లాంటి చోట గ్రామసభలు ఏ పొదలో ఏ బొంగు వంటకు, ఏది బుట్టలకు, ఏది ఇంటి కప్పుకు అని ముందే గుర్తుపెట్టి, రోడ్డు మీది దుకాణాలకు ధర కట్టి అమ్మితే, ప్లేటు కూర వెలలో పొదను ఎరిగి బొంగును ఎంచినవాళ్లకు కూడా వాటా అందుతుంది. ఇప్పటి వెలలో కోడికీ మసాలాకూ లెక్క ఉంది గానీ ఆ ఎంపికకు లెక్క లేదు.