పాసివ్‌ను పనికిరానిదిగా చూస్తున్నారు

ఇంగ్లీషులో 'నథింగ్ టు డూ' అన్నవాడికి పొద్దుపోవడం లేదు. 'నథింగ్ టు బి డన్' అన్నవాడు చేతులెత్తేశాడు, ఇక చేయగలిగిందేమీ లేదంటున్నాడు. ఒక్క 'బి' వచ్చి చేరగానే విసుగు కాస్తా నిస్సహాయత అయింది. ఇంత పొదుపుగా ఇంత పని చేసే ప్రయోగం ఆ భాషలో మరొకటి నాకు కనిపించదు.

దీన్నే పాసివ్ ఇన్ఫినిటివ్ అంటారు. 'టు' తర్వాత 'బి', ఆ తర్వాత మన ట్యూషన్ల భాషలో వీ3. అప్పటికే జరిగిపోయిన పనైతే 'బి' స్థానంలో 'హావ్ బీన్'. సూత్రం నిమిషంలో వచ్చేస్తుంది. వాడకం పట్టుబడాలంటే మాత్రం మంచి మాస్టారు దొరకాలి.

'రామప్ప టెంపుల్ ఈజ్ సెడ్ టు హావ్ బీన్ బిల్ట్ ఇన్ 1213.' ఈ వాక్యాన్ని నిదానంగా చదవండి. 'ఈజ్ సెడ్' ఇవాళ్టి మాట. చెప్పుకుంటున్నది ఎవరన్న ప్రశ్నే లేదు. ఆ వెంటనే 'టు హావ్ బీన్ బిల్ట్' మనల్ని ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి తీసుకుపోయింది. ఇంకో సొగసు కూడా ఉంది. గడిచిన ఏడాది పేరు పెట్టాక 'హ్యాజ్ బీన్ బిల్ట్ ఇన్ 1213' అనడం తప్పు, 'వాజ్ బిల్ట్' అనాల్సిందే. మన పిల్లలు పదేపదే జారిపడేది ఇక్కడే. అదే ఇన్ఫినిటివ్‌లోకి వచ్చేసరికి ఆ పట్టింపు సడలిపోతుంది, 'టు హావ్ బీన్' పక్కన 1213 హాయిగా ఇమిడిపోతుంది. ఈ మెలిక విప్పి చూపించే మాస్టారికి చేతులెత్తి మొక్కాలి!

'మేక్' సంగతి చూడండి. 'దె మేడ్ హిమ్ వెయిట్'లో 'టు' లేదు. వాయిస్ మార్చగానే 'హి వాజ్ మేడ్ టు వెయిట్' అవుతుంది, లేని 'టు' వచ్చి నిలబడుతుంది. 'సీ', 'హియర్' క్రియలదీ ఇదే దారి.

ఈ విద్యలో నా ఓటు ఓటో యెస్పర్సన్‌కే. డెన్మార్క్ వాడై ఉండి, ఇంగ్లీషు వ్యాకరణాన్ని ఏడు సంపుటాలుగా రాశాడు. మొదటిది 1909లో వచ్చింది, చివరిది ఆయన పోయాక 1949లో వెలువడింది. చేసినవాడు తెలియనప్పుడో, చెప్పనక్కర్లేనప్పుడో, చెప్పడం ఇష్టం లేనప్పుడో పాసివ్ ఎలా ఆదుకుంటుందో ఆయన విడమరిచినట్టు ఇంకొకరు చెప్పలేదు. మన బడుల వరకైతే 'బో జెస్ట్' నవల రాసిన పి.సి. రెన్, మార్టిన్‌తో కలిసి తెచ్చిన గ్రామర్ పుస్తకమే పెద్ద దిక్కు. అందులోని అభ్యాసాలు వరుసగా చేసినవాడి చేతిలో వాక్యం తడబడదు.

అలాంటి ప్రయోగాన్ని ఇప్పుడు నేరస్థుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. స్ట్రంక్, వైట్‌ల పేరుతో 1959లో వచ్చిన చిన్న పుస్తకం యాక్టివ్‌నే వాడమని బోధించింది, అమెరికా అంతా తలూపింది. పాసివ్ అంటూ అందులో దిద్ది చూపిన నాలుగు ఉదాహరణల్లో మూడు అసలు పాసివ్‌లే కావని భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పుల్లమ్ 2009లో ఎండగట్టాడు. గుర్తుపట్టడం రానివాళ్లు తీర్పులిస్తే ఎలా? ఇప్పుడు కంప్యూటర్లలోని దిద్దుబాటు యంత్రాలూ అదే పాట అందుకున్నాయి. 'ది బ్యాగ్ మస్ట్ హావ్ బీన్ స్టోలెన్' అని రాస్తే కింద గీత గీసి, యాక్టివ్‌లో రాయమంటాయి. దొంగ ఎవరో తెలిస్తే కదా!

మన దగ్గర జరుగుతున్నది ఇంకా బాధ. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామనే గైడ్లు కర్తను, కర్మను అటూ ఇటూ మార్చి, మధ్యలో 'బై' తగిలించి అదే వాయిస్ అంటున్నాయి. దాని ఫలితమే 'యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్' అనే మాట. 'హ్యాపెన్'కు కర్మే లేనప్పుడు పాసివ్ ఎక్కడి నుంచి వస్తుంది? డిగ్రీ చదివినవాళ్లూ తడుముకోకుండా ఇలా అనేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పరీక్ష పేపర్లు తయారుచేసే పెద్దలకు ఒక్క విన్నపం. 'ఛేంజ్ ది వాయిస్' అనే ఒక మార్కు బిట్టును కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఓ దొంగతనం వార్త ఇచ్చి, ఏ వాక్యంలో దొంగ పేరు రావాలో, ఏ వాక్యంలో అక్కర్లేదో పిల్లల చేతే రాయించండి. ఎందుకలా రాశారో కూడా చెప్పమనండి, మార్కులు దానికివ్వండి.