నేటాలులో తొలి మాసములు: ప్రచారక వృత్తాంతములందు భాషాస్థానము

క్రైస్తవ మత ప్రచారకుల జీవితచరిత్రలను, లేఖలను, వార్షిక నివేదికలను ఒక వాఙ్మయశాఖగా గ్రహించి పరిశీలించినచో, వానిలో ప్రథమ మాసముల వర్ణనకు ఒక నియతరూపము ఏర్పడియున్నట్లు కనబడును. సముద్రయానము, రేవున దిగుట, అలవాటులేని యెండ, తెలియని జబ్బు, అన్నిటికి మించి తెలియని భాష - ఇవి యా రూపమునకు అంగములు. క్రొత్తగా వచ్చినవాడు మాట రాక మూగవలె కూర్చుండును. మునిషీయొద్ద అక్షరములు దిద్దును. ఒక పదమునకు మారుగా మరియొక పదము పలికి నవ్వులపాలగును. కొన్ని మాసములకు మొదటి ప్రసంగము, కొన్ని యేండ్లకు మొదటి శిష్యుడు. భాష వచ్చుటయే యిట్టి వృత్తాంతమున కథాసంధి. అంతకు పూర్వమున్నది నిరీక్షణము, అటుపిమ్మటిది కార్యము.

తెలుగుదేశమున ఈ రూపమునకు ఉదాహరణములు కొల్లలు. 1805లో విశాఖపట్టణమున దిగిన లండను మిషనరీ సంఘపువారు జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజెసులు తమ తొలికాలమును తెలుగు నేర్చుటకే వినియోగించిరి. ఆనందరాయరను బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తల అనువాదము సాగినది. ఆ సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడునాటికి ఇరువురును జీవించి లేరు. 1836లో గ్రోవ్సుతో కూడ వచ్చిన విలియం బౌడెను, జార్జి బీరుల గోదావరీ డెల్టా మిషను చరిత్ర గూడ ఇట్లే భాషాభ్యాసముతో మొదలై నరసాపురము, పాలకొల్లులకు చేరును. అత్తిలి మొదలు ఆకివీడు వరకు గల కాలువల సీమలో పెరిగినవారికి ఈ కథలు క్రొత్తవి కావు. వానిలో వచ్చువాడు పరాయివాడు, వినువాడు మనవాడు. మాట నేర్చుకొనువాడు మాత్రము కథకు నాయకుడు. మాట నేర్పినవాడు కథలో ఒక పంక్తికి మించి నిలువడు.

ఈ క్రమమును తలక్రిందు చేసిన వృత్తాంతము ఒకటి కలదు. అది 1903లో నెల్లూరునుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు వెళ్ళిన జాన్ రంగయ్యగారిది. తెలుగు బాప్తిస్టు హోమ్ మిషనరీ సొసైటీ పంపగా కుటుంబముతో సముద్రము దాటిన ఈయన, తెలుగు బాప్తిస్టు సంఘములు విదేశమునకు పంపిన మొదటి ప్రచారకుడు. ఆయన తొలి మాసములను పైని నియతరూపముతో పోల్చి చూచినచో ప్రచారక వాఙ్మయమును గూర్చియే గాక, మన సాహిత్యచరిత్ర హద్దులను గూర్చియు ఆలోచింపవలసిన విషయము తేలునని నా యభిప్రాయము.

ముందుగా నేపథ్యము. 1860 నవంబరులో మదరాసునుండి 'ట్రూరో' అను ఓడ డర్బను చేరినది. అది మొదలు 1911 వరకు ఒప్పందకూలీలుగా నేటాలునకు వెళ్ళిన భారతీయులు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులవారు మదరాసు రేవునుండి వెళ్ళినవారే. విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాలనుండి వెళ్ళిన తెలుగువారు వారిలో గణనీయమైన భాగము. ఒప్పందము అయిదేండ్లది, మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము, దానితోపాటు బత్తెము, అనుమతి చీటి లేనిదే తోట దాటి పోరాదు. 1895 నాటి చట్టము, గడువు ముగిసిన పిదప తిరిగి ఒప్పందము వ్రాయక, స్వదేశమునకును పోక అచ్చటనే నిలుచువారిపై ఏటేట మూడు పౌనుల పన్ను మోపినది.

ఇదే కాలమున కోస్తాలో మరియొక మార్పు జరుగుచుండెను. 1876-78 నాటి క్షామమునకు పిమ్మట ఒంగోలు ప్రాంతమున మాదిగవాడలు వాడలుగా క్రైస్తవములో చేరినవి. 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి క్లౌదొర చరిత్రలో ప్రసిద్ధము. ఇట్టి తెలుగు సంఘములలోని కొందరు కూలికై ఓడలెక్కిరి. ఓడ దిగినచోట వారికి తోట యున్నది, తోట యజమానుడున్నాడు, సర్దారున్నాడు. తమ భాషలో ప్రార్థన నడుపు బోధకుడు మాత్రము లేడు. అట్టి బోధకునికై వారు స్వదేశ సంఘములను అర్థించిరి. ఆ యర్థనకు సమాధానముగా వెళ్ళినవాడే రంగయ్య.

ఇప్పుడు ఆ తొలి మాసములను చూతము. 1903 మధ్యమున ఆయన నేటాలు చేరెను. ఆ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన కియర్స్నీ తేయాకు తోటలలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడినది. అనగా రాకకును సంఘస్థాపనకును నడుమ పట్టినది ఇంచుమించు అర్ధసంవత్సరము. బౌడెను, బీరు దొరలకు అక్షరములతో గడచిన కాలపరిమితిలో రంగయ్యగారికి సంఘమే నిలిచినది. దీనిని ఆయన ప్రతిభకు నిదర్శనముగా మాత్రమే చెప్పుట స్థూలదృష్టి. నియతరూపములోని కథాసంధి ఇచ్చట లేకుండుటయే అసలు కారణము. వచ్చినవాడు భాష నేర్వనక్కరలేదు. విన్నవారికి దుబాసి అక్కరలేదు. క్రొత్తదనమంతయు మాటనుండి తప్పుకొని నేలకు చేరినది. జూను, జూలైలు చలికాలమై, డిసెంబరు నడివేసవియైన నేల అది. వరిమళ్ళకు బదులు చెరకు తోటలును, తేయాకు గుట్టలును గల సీమ. బోయరు యుద్ధము ముగిసి అప్పటికి ఏడాది గడచినది.

కావున ఆయన తొలి మాసములపని మతాంతరీకరణము కన్న ముందుగా సమీకరణము. ఎవరెవరు ఏ తోటలో ఉన్నారు, ఎవరు ఏ యూరినుండి వచ్చిరి, ఎవరు పూర్వమే బాప్తిస్మము పొందినవారు - ఇది విచారించుటయే మొదటి కర్తవ్యము. పనిదినములలో కూలీని కలియుట యజమానుని దయ, ఆదివారమొక్కటే ఆటవిడుపు. ఈ పరిస్థితిలో ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఓడ యెక్కిన ప్రతి కూలీకి ప్రభుత్వపు దాఖలాలలో ఒక సంఖ్య ఏర్పడును; తోటలో అతని పేరు ఎట్లు వక్రించినను ఆ సంఖ్య మారదు. సంఘపు పట్టికలో అతడు పేరుతో నిలుచును. సంఖ్యనుండి పేరునకు మరలుట - రంగయ్యగారి తొలి మాసముల ఫలితమును ఒక్కమాటలో చెప్పవలసినచో ఇదియే. ఆ పేరును సరిగా పలుకగలవాడు, పలికినదానిని సరిగా వ్రాయగలవాడు కావలసివచ్చెను. భాషాజ్ఞానము ఇచ్చట సాధనము కాదు, అదియే ఉపకారము.

దీనికి మన డెల్టాలోనే ఒక పోలిక కలదు. 1847-52 నడుమ ధవళేశ్వరమున ఆనకట్ట కట్టునపుడు పలు తావులనుండి కూలిజనము చేరిరి. కాటనుదొర ప్రోత్సాహముతో డెల్టా మిషనువారు ఆ జనమునకు బోధించిరి. పని ఒకచోటికి చేర్చిన జనమునే బోధకుడు సభగా మార్చుట రెండుచోట్లను సమానము. కాని ధవళేశ్వరపు కూలీ పని ముగిసిన పిదప తన యూరికి నడచిపోగలడు. కియర్స్నీ కూలీకి నడుమ సముద్రమున్నది. అందుచేత మొదటిచోట సభ ఒక ఘట్టము. రెండవచోట అది ఊరికి ప్రత్యామ్నాయమైనది.

ఇంతవరకు చెప్పినది గుణపక్షము. విమర్శకుడు దోషపక్షమునుగూడ విడువరాదు.

మొదటి యాక్షేపము: కియర్స్నీ తోటలు జేమ్స్ లీజ్ హ్యూలెట్ అను గొప్ప తోటదారునివి. ఆయన శాసనసభ్యుడు, వెస్లీయను శాఖలో ఉపదేశకుడు గూడ. తోటలో సంఘము వెలయుటకు యజమానుని సమ్మతి ఆవశ్యకము. ఆదివారము ప్రార్థించి సోమవారము పనికి వేళకు వచ్చు కూలీ యజమానునికి నష్టము కాదు. ఆధ్యాత్మికమైన ఊరట ఆర్థికమైన అన్యాయమును సహింపజేయు నుపాయముగా పరిణమించు ప్రమాదము కలదు. ఈ యాక్షేపమును తోసిపుచ్చరాదు. కాని అదొక్కటే నిజమన్నచో, తమ బోధకుని తామే కోరి తెప్పించుకొన్న కూలీల యిచ్ఛకు విలువ లేదన్నట్లగును. యజమానుడు స్థలమీయవచ్చును, పిలుపు మాత్రము కూలీలది.

రెండవ యాక్షేపము మరింత లోతైనది. ఆ నేల జూలూలది. తెలుగువారికై తెలుగువాడు వెళ్ళిన యీ వృత్తాంతమున ఆ నేలవారికి తావెక్కడ? పాశ్చాత్య ప్రచారకుల గ్రంథములందు మునిషీకి ఒక పంక్తియైన దక్కినది; ఇచ్చట జూలూకు అదియు దక్కుట కష్టము. స్వభాష యను బలమే ఈ వృత్తాంతమునకు హద్దు గూడ నైనది. పొరుగుభాష నేర్వనక్కరలేని ప్రచారకుడు పొరుగువానిని చూడకయే పనిచేయగలడు. ఈ లోపమును గుర్తించుట రంగయ్యగారిని నిందించుట కాదు. తోట వ్యవస్థ మనుష్యులను వేరువేరు బిడారులలో ఉంచిన తీరును గుర్తించుట.

ఇక సాహిత్యచరిత్రకు వత్తము. 1903 జూన్ మాసముననే డర్బనునుండి 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక వెలువడసాగెను. దాని భాషలు నాలుగు: ఆంగ్లము, గుజరాతీ, హిందీ, తమిళము. తెలుగు లేదు. గాంధీమహాత్ముడు సైతము తాను తెలుగులో వర్ణమాలను దాటలేదని ఆత్మకథలో చెప్పుకొనెను. వేలకొలది తెలుగువారున్న దేశమున భారతీయులకై పుట్టిన పత్రికలో తెలుగునకు చోటులేకపోగా, అదే సంవత్సరమున తెలుగునకు ఒక నియతమైన సభ, చదువు, వ్రాత ఏర్పడినది ఈ కూలీల సంఘములో. ఆ తెలుగువారిలో అధికసంఖ్యాకులు హిందువులే యనుట నిజము. వారి భాషాభిమానము 1931లో ఆంధ్ర మహాసభగా రూపొందినది. ఈ రెండు యత్నములను మతభేదముచేత విడదీయక ఒకే భాషాచరిత్రలోని రెండు దశలుగా చూడవలెనని నేను భావింతును. తరువాతి తరములలో ఆ గడ్డపై ఆంగ్లము ఇంటిభాషయై తెలుగు క్షీణించినది గనుక ఈ పరిశీలన మరింత ఆవశ్యకము.

మన యాత్రాసాహిత్య చరిత్రకారులు 1830-31 నాటి ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రతో మొదలిడుదురు. అది ఉచితమే. కాని యాత్రికుడు తన యిచ్ఛచే బయలుదేరి, తిరిగివచ్చి, చూచినది వ్రాయువాడను నిర్వచనము మన మనస్సులో స్థిరపడినది. తిరిగిరాని యాత్ర యాత్ర కాదా? సంఘమునకు వ్రాసిన యుత్తరము, సమావేశపు వ్రాత, సభ్యుల పట్టిక - వీనిని గద్యముగా గణింపరాదా? రంగయ్య 1915లో నేటాలునందే మరణించెను. వెళ్ళినవారిలో పలువురివలె ఆయనయు తిరిగిరాలేదు. ఆ కారణముచేతనే వారి మాట మన గ్రంథాలయముల అరలలోనికి రాలేదు.

ఒంగోలు ప్రచారమును గూర్చి క్లౌ, నెల్లూరు మిషనును గూర్చి డౌనీ, ఆకివీడు ప్రాంతమును గూర్చి క్రెయిగు ఆంగ్లమున గ్రంథములు రచించిరి. ఆ గ్రంథములందు తెలుగువాడు బోధ పుచ్చుకొనువాడు. 1903లో అతడు బోధ ఇచ్చువాడై ఓడ యెక్కెను. పంపినవారు, పోయినవాడు, పిలిచినవారు, ముగ్గురును తెలుగువారే. ఇట్టి సంఘటన ఆధునికాంధ్ర గద్యచరిత్రలో ఒక అధస్సూచికకైనను నోచుకొనకుండుటకు కారణము దాని యల్పత్వము కాదు. ఆ తెలుగు మాదిగవాడలనుండి, కూలి బిడారులనుండి వచ్చుటయే. పరిశోధక విద్యార్థులు కావ్యప్రబంధముల తాళపత్రములకై చూపు శ్రద్ధలో కొంత భాగమును పాత సంఘముల పెట్టెలపై చూపినచో, మన భాష ఎంత దూరము పోయెనో, పోయినచోట ఏ పని చేసెనో నిర్ధారించు వీలు కలుగును. ఆ కాగితములకు తాళపత్రముల ఆయువు లేదు.