కంపెనీ వరహాపై వేంకటేశ్వరుడు

చంద్రగిరి రాజధానిగా ఏలిన అరవీటి వేంకటపతిరాయల వరహాలపై వేంకటేశ్వరుడు నిలిచి ఉంటాడు. అది రాజభక్తికి ప్రకటన. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ముద్రించిన ‘మూడు స్వాముల వరహా’పైనా దేవేరులతో కూడిన ఆ స్వామే కనిపిస్తాడు. దీనిని మతసామరస్యంగా భావించడం తొందరపాటు. వర్తకానికి వచ్చిన కంపెనీ తన నాణెం చెల్లుబాటు కావడానికి ప్రజల నమ్మకాన్ని అరువు తెచ్చుకున్నది.

ఆర్కాటు నవాబుతో 1801లో కుదిరిన ఒప్పందంతో తిరుపతి ప్రాంతం పూర్తిగా కంపెనీ వశమైంది. తిరుమల ఆలయ నిర్వహణ 1843 వరకు దాని చేతిలోనే ఉన్నది. 1807 తర్వాతి వెండి అర వరహాపై గోపురం, విష్ణుమూర్తి, తెలుగు అక్షరాలు కొనసాగాయి. 1818లో వరహా స్థానాన్ని రూపాయి ఆక్రమించింది. 1835 నాటి రూపాయిపై నాలుగవ విలియం శిరస్సు వెలసింది.

పరాయి పాలనకు అవసరమున్నంతకాలమే దేవుడు నాణెంపై నిలిచాడు. కనుక ఈ నాణేలను పాలకుల ఉదారతకు గాక, అధికార వ్యూహానికి సాక్ష్యాలుగా చదవడం సమంజసం.