ముగ్గుపిండితో నీటి లెక్క

చిత్తూరు జిల్లా పలమనేరు చుట్టుపక్కల టమోటాకైనా మల్బరీకైనా బోరే దిక్కు. నేల కింద నీరెంతుందో కంటికి ఆనదు. ఆననిదాన్ని పదిమంది ముందు పెట్టాలంటే బొమ్మ గీయాల్సిందే.

ఉమ్మడి చిత్తూరుతో కలిపి 7 జిల్లాల్లో 2003 నుంచి కొన్నేళ్లు నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టును నేను మెచ్చేది ఇందుకే. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం చూశారు, ఆ అంకెల్ని ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని లెక్క తేల్చేవారు: ఉన్న నీరింత, వరి వేస్తే ఖర్చయ్యేదింత, ఆరుతడి పంటకైతే ఇంత.

అంతకుముందే, 1990 ప్రాంతంలో, పక్కనున్న కర్ణాటకలో మైరాడా స్వచ్ఛంద సంస్థ ఊరివాళ్ల చేతే నేలమీద ఊరి పటం గీయించింది. ముగ్గుపిండి, గింజలు, ఆకులు చాలు. చెరువు గట్టు తప్పుగా పడితే పక్కావిడ చేత్తో చెరిపి సరిచేస్తుంది. అచ్చయిన నివేదికను అలా చెరిపే చొరవ ఎవరికుంటుంది? ఆఫీసు వైట్‌బోర్డు మీద డబ్బాలు, బాణాలు గీసే ఇంజనీరుకూ ఆ చెరుపుడే బలం. గీత వంకరపోయినా పరవాలేదు, ఎదుటివాళ్లు పెన్ను అడిగి తీసుకుంటే చాలు.

ఊరి పటంలో ఎండిన బోర్లకూ గుర్తు పెట్టాలి. కొత్తది ఎక్కడ తవ్వకూడదో ముందుగా చెప్పేవి అవే.