గీతలు పడ్డా తిట్లు పడని బండి

మా బాపు హీరో హోండాకు ఒక గుడ్డ ఉండేది. పాత బనియన్ చింపి, మడతపెట్టి, బండి పక్క డబ్బాలో దాచేవాడు. మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి రాగానే అన్నానికి కూర్చోకముందే ట్యాంకు తుడవాలి. మందమర్రిలో సాయంత్రానికల్లా మళ్లీ నల్లటి బొగ్గుపొడి పేరుకుంటుందని ఆయనకు తెలుసు. అయినా తుడిచేవాడు.

1990 ఎండాకాలం. బాపు నిద్రపోతుంటే మా అక్క ఆ బండిని క్వార్టర్ల సందులోకి తీసింది. ఇరవై గజాలు పోయి మోరీ పక్కన పడింది. ఎడమ ఇండికేటర్ పగిలింది. బాపు కొట్టలేదు, తిట్టలేదు. లేచి వచ్చి, ఆ గుడ్డ తీసి, పగిలిన ఇండికేటర్ చుట్టూ మెల్లగా తుడిచాడు. మోకాలు కొట్టుకుపోయిన అక్క అరుగు మీద కూర్చుని అదంతా చూసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఏ బండి హ్యాండిలూ పట్టలేదు. బెల్లంపల్లి నుంచి మా ఇంటికి రావాలంటే ఆటో కోసమో బస్సు కోసమో నిలబడేది.

నాది డ్రైవింగ్ స్కూలు కాదు. కానీ ఇంటామె, బిడ్డ, మరదలు, పక్క క్వార్టర్ కోడలు... అలా నేను బండి నేర్పినవాళ్ల లెక్క ఏడుకు చేరింది. దాంతో గల్లీలో నా దగ్గరికి వచ్చి అడగడం మొదలైంది. ‘‘అన్నా, మా ఇంట్ల ఆడోళ్లు నేర్సుకోవాలె, ఏ బండి తీస్కోవాలె?’’ అడిగేవాళ్లలో పదికి తొమ్మిది మంది మైలేజీతో మొదలుపెడతారు. నేను ముందు ఎత్తు అడుగుతాను. బండి ఎత్తు తర్వాత, ముందు మనిషి ఎత్తు.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. మా ఇంటామెకు మొదట నా 150 సీసీ బండి మీదే నేర్పబోయాను. ఆమె ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. సీటు మీద కూర్చుంటే మునివేళ్లే నేలకు ఆనేవి. బండి కొంచెం ఒరిగితే మునివేళ్లు ఆపలేవు, అరికాలు పూర్తిగా ఆనాలి. ‘‘కాలు పెట్టు, కాలు పెట్టు’’ అని నేను అరుస్తున్నాను. ‘‘ఏడ పెట్టాలె? అందుతదా?’’ అంటూనే ఆమె బండితో సహా ఒరిగిపోయింది. నేను ఉరికి పట్టుకున్నది బండిని. ఆమె కింద నుంచి అది చూసింది. తర్వాత మూడేళ్లు మా ఇంట్లో బండి నేర్చుకునే మాట రాలేదు.

మా బిడ్డకు పద్దెనిమిది నిండిన ఏడాది పాత టీవీఎస్ ఎక్సెల్ సూపర్ మోపెడ్ ఒకటి కొన్నాను. 2012 మోడల్. మంచిర్యాల జిల్లా పుట్టకముందు, ఆదిలాబాద్ అంతా ఒకటే జిల్లాగా ఉన్నప్పటి ఏపీ 01 నంబరు ప్లేటు. అప్పటిదాకా దాని మీద ఒకాయన ఊరూరా కూరగాయలు తిప్పి అమ్మాడు. నా చేతికి వచ్చేసరికే ట్యాంకుకు సొట్ట, మడ్‌గార్డుకు తుప్పు. ఏడు వేలు ఇచ్చాను. దాన్ని గుడ్డ పెట్టి తుడవాలని మా ఇంట్లో ఎవరికీ ఎన్నడూ అనిపించలేదు. నేను కోరుకున్నదీ అదే.

టీవీఎస్ 50 అనే మోపెడ్ 1980లో వచ్చింది. ఆ వంశం బండ్ల మీద మన ఊళ్లలో పోని సరుకు లేదు. బియ్యం బస్తా, పాల క్యాను, గ్యాస్ సిలిండరు, కోళ్ల గంప, అన్నీ పోయాయి. ఎక్సెల్ సూపర్ ఇంజను డెబ్బై సీసీకి లోపే, బరువు డెబ్బై కిలోలకు అటూఇటూ. కింద పడితే ఒక మనిషి లేపుకోగలదు. నేను చూసినంతలో, పడిన బండిని తానే లేపి నిలబెట్టుకున్న రోజు భయం సగం దిగుతుంది. కొత్తదే కావాలనుకునేవాళ్లకు 2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఉంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిలు కలిపే పని లేదు. కానీ కొత్త బండి మీద మొదటి గీత పడిన రోజు ఇంట్లో ఎవరి ముఖం ఎలా ఉంటుందో ముందే ఆలోచించుకోండి.

ఆదివారం పొద్దున ఆరింటికి స్కూలు గ్రౌండుకు పోతాం. ఏడున్నరకు క్రికెట్ పిల్లలు వస్తారు, ఆ లోపే మా పని. మొదటి అరగంట ఇంజను స్టార్టే చెయ్యను. వెనక నుంచి నేను తోస్తాను, వాళ్లు బ్రేకు వేసి ఆపాలి. రెండు ఇటుకలు పెట్టి, వాటి మధ్య ముందు చక్రం ఆపమంటాను. ఆపడం చేతికొచ్చాకే స్టార్టు. అప్పుడు చెప్పే మాట ఒక్కటే: ‘‘సక్రం సూడకు, ఆ యాపచెట్టు సూడు.’’

ఎక్కువ మంది పడేది భయంతో. భయం వేస్తే మనిషి ఏదైనా గట్టిగా పట్టుకుంటుంది. కుడిచెయ్యి గట్టిగా బిగిస్తే మణికట్టు కిందికి దిగుతుంది, మణికట్టు దిగితే యాక్సిలరేటర్ తిరుగుతుంది. బండి దూకుతుంది. దూకగానే పట్టు ఇంకా బిగుస్తుంది. 110 సీసీ గేర్‌లెస్ స్కూటర్ మీద మొదటి రోజే గోడకు గుద్దేవాళ్ల కథ ఇదే, బండి తప్పేమీ లేదు. ఎక్సెల్ కూడా దూకుతుంది గానీ, దానిది మేకపిల్ల దూకుడు.

గేరు బండి మీద నేర్చుకోవాలా, వద్దా? దీని మీద మా గల్లీలో రెండు పార్టీలున్నాయి. గేర్లు వస్తే ఏ బండైనా నడుపుతారని ఒక పార్టీ. స్కూటీలు ఉండగా గేరెందుకని ఇంకో పార్టీ. నేను మొదటి పార్టీయే, కాకపోతే రెండో నెల నుంచి. లైసెన్సులో కూడా గేరు ఉన్నదీ లేనిదీ వేరువేరు. గేరు లేని బండికి తీసుకున్న లైసెన్సుతో గేరు బండి నడపరాదు.

గేరు పాఠానికి దోస్తు పాత స్ప్లెండర్ అడిగి తెచ్చాను. నాలుగు గేర్లు, అన్నీ ముందుకు తొక్కేవే. చదును నేల మీద మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా, క్లచ్ కొద్దికొద్దిగా వదలాలి. ఒక చోట ఇంజను చప్పుడు కాస్త బరువెక్కి, బండి నిద్రలో ఒత్తిగిలినట్టు కదులుతుంది. ఆ చోటు ఒక్కో బండికి ఒక్కో దగ్గర. అక్కడ ఆపి, మళ్లీ పట్టి, మళ్లీ వదిలి, మా బిడ్డతో గంటసేపు అదే చేయించాను. ‘‘బాపూ, పోవుడెప్పుడు?’’ అని విసుక్కుంది. ఆ మరుసటి వారం గ్రౌండులోకి కుక్క అడ్డం వచ్చింది. బిడ్డ భయపడి రెండు చేతులూ బిగించింది. ఎడమ చేతిలో క్లచ్ ఉంది కాబట్టి ఇంజను గర్‌ర్‌మని అరిచిందే తప్ప బండి ముందుకు ఉరకలేదు. నేను గేరు పార్టీలో చేరింది ఆ రోజే.

ఈ రెండు పార్టీలకూ నడిమి బండి కూడా ఒకటుంది. హోండా వాళ్లు 1958లో జపాన్‌లో సూపర్ కబ్ తెచ్చినప్పుడు క్లచ్ పిడే తీసేశారు. హోటళ్ల నుంచి సోబా నూడుల్స్ మోసుకుపోయే కుర్రాళ్లు ఒంటిచేత్తో నడపగలగాలని. గేరు మాత్రం కాలికి ఉంచారు. 2017 నాటికి అవి పది కోట్లు తయారయ్యాయి. ఆ పోలికలోనే 1997లో మన దగ్గరికి హీరో హోండా స్ట్రీట్ వచ్చింది గానీ జనం ఆదరించలేదు. మొగోళ్లకు అది బైకులా కనపడలేదు, ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. ఇంటిల్లిపాదికీ నేర్పడానికి అంతకన్నా మంచి బండి ఈ దేశంలో అమ్మలేదని నా లెక్క.

చిన్న బండే కదా అని పదో తరగతి పిల్లాడికి ఇచ్చేవాళ్లకు ఒక మాట. పదహారేళ్లకు చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాకానే. ఎక్సెల్ 100 అంటే 99.7 సీసీ, దానికి పద్దెనిమిది నిండాలి. 2019 సవరణ తర్వాత, మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకో బండి ఓనరుకో పడుతుంది. 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. మా మేనల్లుడు అలిగినా సరే, తాళంచెవి నా జేబులోనే ఉంచుకున్నాను.

పోయిన బతుకమ్మకు అక్క వచ్చింది. మా ఇంటామె ఎక్సెల్ మీద అంగడికి పోయి తంగేడు పూలు తేవడం చూసింది. రాత్రి అందరూ పడుకున్నాక అడిగింది, ‘‘నాకు అస్తదారా ఇప్పుడు?’’ నలభై దాటింది కాబట్టి లెర్నర్స్‌కు డాక్టరు సర్టిఫికెట్ కూడా కావాలని చెప్పాను. తెచ్చుకుంది. లెర్నర్స్ చేతికొచ్చాక రెండో ఆదివారం, ఇటుకల దగ్గర మలుపులో పడింది. ఈసారి నేను అక్క దగ్గరికే ఉరికాను. అప్పటికే ఆమె లేచి, చీర దులుపుకుని, బండి చుట్టూ తిరిగి చూస్తోంది.

‘‘ఏమన్న పగిలిందారా?’’

‘‘పగలనీకి దానికేమున్నదక్కా?’’ అన్నాను.

బండి ఇప్పుడు బెల్లంపల్లిలో అక్క దగ్గరే ఉంది. ఆమె లైసెన్సు పరీక్ష కాగానే వాపసు వస్తుంది. 2027లో దానికి పదిహేనేళ్లు నిండుతాయి. ఆ లోపు మందమర్రిలో ఎవరింట్లోనైనా నేర్చుకునేవాళ్లుంటే వచ్చి తీసుకుపోండి. పెట్రోలు, ఆయిలు మీరే పోసుకోవాలి.